కొత్త గొంతును పట్టుకుని పాటగా బయటికి తేవడం ఎలా: బెజవాడ, గుంటూరు చిన్న ప్రొడ్యూసర్లకు సమగ్ర మార్గదర్శి

ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఓ మోస్తరు మైకు, నెలనెలా కొంచెం దాచుకున్న డబ్బు. వీటితో విజయవాడలోనో గుంటూరులోనో ఉండి సొంతంగా పాటలు విడుదల చేద్దామనుకునే వాళ్ల కోసం ఇది. సినిమా పాటల వ్యాపారం వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

కొత్తగా దిగినవాళ్లు సాధారణంగా "గాయనీ గాయకులు కావలెను" అని పోస్టరు వేసి, ఆదివారం పూట హాలు అద్దెకు తీసుకుని ఆడిషన్లు పెడతారు. వచ్చినవాళ్లంతా అవే సినిమా పాటలను, ఆ పాటలు పాడినవాళ్ల గొంతుల్లోనే పాడి వెళ్తారు. సాయంత్రానికి ప్రొడ్యూసర్‌కు తలనొప్పి మిగులుతుంది, "మన ఊళ్లో టాలెంట్ లేదు" అనే అభిప్రాయం ఏర్పడుతుంది. నిజానికి ఇక్కడ పాడేవాళ్లు ఎక్కడా దాక్కుని లేరు. గుళ్లో, చర్చిలో, పందిట్లో, నాటకం స్టేజీ మీద తమవాళ్ల ముందు పాడుతూనే ఉన్నారు. మనం పెట్టిన పరీక్షలో కాకుండా వాళ్లకు అలవాటైన చోట వింటేనే అసలు గొంతు దొరుకుతుంది.

1. ముందు మీకేం కావాలో తేల్చుకోండి

మొదటి ప్రయత్నానికి ఒక్క పాట చాలు. ఆరు పాటల ఆల్బం అని మొదలుపెట్టి మూడో పాట మిక్సింగ్ దగ్గర డబ్బులు అయిపోయినవాళ్లు మీకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. జానపదమా, పద్యమా, క్రైస్తవ గీతమా, లలిత సంగీతమా, కాలేజీ కుర్రాళ్ల ర్యాపా అన్నది మార్కెట్ చూసి కాక మీ చెవి చూసి నిర్ణయించండి. మీకు ఆసక్తి లేని సంగీతంలో మంచి గొంతుకూ మామూలు గొంతుకూ తేడా మీకు తెలియదు.

బడ్జెట్లో మూడో వంతు పాట పూర్తయ్యాక అయ్యే ఖర్చులకు పక్కన పెట్టండి. వీడియో, ఫొటోలు, ప్రచారం అప్పుడే వస్తాయి.

2. ఎక్కడ, ఎప్పుడు వినాలి

మన ప్రాంతంలో సంగీతం పంచాంగం ప్రకారం నడుస్తుంది. ఏ నెలలో ఎక్కడుండాలో తెలిస్తే సగం పని అయినట్టే.

డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు ధనుర్మాసం. తెల్లవారుజామున గుళ్లలో తిరుప్పావై, భజన బృందాలు, వీధుల్లో హరిదాసులు. ఆ చలిలో, నిద్ర మత్తు వదలని వేళ శ్రుతి తప్పకుండా పాడుతున్నారంటే ఆ గొంతును నమ్మవచ్చు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు జరుగుతాయి. బాలమురళీకృష్ణ బాల్యంలో మొదటి పూర్తి కచేరీ చేసింది విజయవాడలో ఇలాంటి ఆరాధనలోనే. గోష్ఠిగానంలో ముందు వరుస పెద్దలది. మీరు వెనక వరుసల దగ్గర కూర్చోండి.

ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత ఉత్సవాలు. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. క్రైస్తవ సంగీతాన్ని మన స్వతంత్ర ప్రొడ్యూసర్లు చాలామంది పక్కన పెడతారు, అది పొరపాటు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. అప్పటి నుంచి తరతరాలుగా ఇక్కడి సంఘాల్లో వారం వారం పాట నడుస్తోంది. మన రాగాల్లో కట్టిన తెలుగు కీర్తనలూ, నాలుగు స్వరాల హార్మనీ రెండూ ఒకే నోటితో పాడగలిగేవాళ్లు అక్కడ కనిపిస్తారు. ఆ హార్మనీలో ఆల్టో (ఆడవాళ్ల కింది స్థాయి), టెనార్ (మగవాళ్ల పై స్థాయి) పాడేవాళ్లను ప్రత్యేకంగా గమనించండి. పక్కవాళ్లు వేరే స్వరం పాడుతుంటే తమ స్వరం మీద నిలబడగలిగిన మనిషికి చెవి ఉన్నట్టే. క్రిస్మస్ రాత్రి వెళ్తే జనం, హడావిడి. నవంబరులో ప్రాక్టీసు మొదలైనప్పుడే పాస్టరుగారినో ఫాదర్‌గారినో అడిగి వెనక బెంచీలో కూర్చోండి.

మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు వెళ్లకపోతే ఒక ఏడాది పోయినట్టే లెక్క. ఊళ్ల నుంచి అలంకరించి తెచ్చే ఎత్తైన ప్రభల ముందు రాత్రంతా ప్రోగ్రాములు జరుగుతాయి. అందులో గోల చాలా ఉంటుంది, డ్యాన్సులు చాలా ఉంటాయి. కానీ రాత్రి రెండున్నరకు, గొంతు అలిసిపోయాక కూడా జనాన్ని కూర్చోబెట్టగలిగినవాళ్లు ఎవరో అక్కడే తేలుతుంది.

శ్రీరామనవమి పందిళ్లలో హరికథ, బుర్రకథ, పద్య నాటకం వినవచ్చు. బుర్రకథను పద్మశ్రీ దాకా తీసుకెళ్లిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. బుర్రకథలో అందరూ కథకుణ్ణే చూస్తారు. మీరు పక్కనుండి వంత పాడేవాళ్లను కూడా వినండి. కథకుడి శ్రుతిని, వేగాన్ని క్షణంలో అందుకుని తందాన తాన పలకడం స్టూడియోలో చాలా పనికొచ్చే విద్య. తెనాలి వైపు పద్య నాటకం ఇంకా బతికే ఉంది. పద్యం చివర రాగం తీస్తే వన్స్ మోర్ పడుతుందన్నది నిజమే. కానీ మీకు కావాల్సింది రాగం పొడవు కాదు, పద్యంలో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందన్నది.

సన్నాయి మేళాన్ని పెళ్లి శబ్దంగా తీసేయకండి. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా ఒంగోలు దగ్గర కరవది నుంచి వచ్చినవారే. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో ఆ విద్య తరాలుగా ఉంది. గొంతు కోసం వెళ్లి వాద్యంతో తిరిగొచ్చినా నష్టమేమీ లేదు.

వినాయక చవితి పందిళ్లు, ఇంద్రకీలాద్రి దసరా సాంస్కృతిక కార్యక్రమాలు, కాలేజీ ఫెస్టుల గురించి మీకు చెప్పనక్కర్లేదు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాల (దాని మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణే) విద్యార్థుల కచేరీలు మాత్రం వదలకండి. 1948 నుంచి నడుస్తున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో గ్రేడు తెచ్చుకున్న కళాకారులను కూడా కలవండి. బి, బి హై అని గ్రేడు ఉందంటే ఆడిషన్‌లో నెగ్గారని అర్థం. శ్రుతి, తాళం గురించి మీరు మళ్లీ పరీక్ష పెట్టక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, కరోకె యాప్‌లు? చూడండి, పేర్లు రాసుకోండి. అక్కడ విన్న గొంతును నేరుగా వినేదాకా ఏ నిర్ణయానికీ రాకండి. ఆ యాప్‌లు వేసే ఎకోలో మా ఇంటి కుక్కర్ విజిల్ కూడా శ్రావ్యంగానే ఉంటుంది.

3. ఎవరిని అడగాలి

మైక్ సెట్ ఓనరు, ఆర్కెస్ట్రా కీబోర్డు ప్లేయరు, నాటకాల హార్మోనిస్టు. ఈ ముగ్గురి నంబర్లు మీ ఫోన్లో ఉంటే చాలు.

మైక్ సెట్ ఆయన ఏళ్ల తరబడి ప్రతి ప్రోగ్రాంలోనూ మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి. ఎవరికి ఎకో ఎక్కువ పెట్టాలో, మానిటర్ (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకర్) పనిచేయకపోయినా ఎవరు శ్రుతిలో పాడతారో ఆయనకు తెలుసు. కీబోర్డు ప్లేయరుకు ఇంకో రహస్యం తెలుసు: ఎవరి కోసం పాటను రెండు మెట్లు దించాలో, ఎవరు ఏ శ్రుతి ఇచ్చినా అందుకుంటారో. హార్మోనిస్టులకు పాత నటుల దగ్గర్నుంచి నిన్న మొన్న వేషం కట్టిన కుర్రాడి దాకా అందరూ తెలుసు. "బాగా పాడేవాళ్లెవరు మాస్టారూ?" అని అడిగితే మర్యాదకు పది పేర్లు చెబుతారు. "మీ ఇంట్లో శుభకార్యం జరిగితే ఎవరిచేత పాడిస్తారు?" అని అడగండి. అప్పుడు ఒకటో రెండో పేర్లు వస్తాయి.

వీళ్లకు టీ ఇప్పించి ఊరుకోకండి. వాళ్లు చెప్పిన గొంతుతో పాట చేస్తే ఆ పాటలో వాయించే పని ఇవ్వండి, లేదా ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టండి.

4. ఎలా వినాలి

మొదటి అరగంట ఎవరైనా బాగానే పాడతారు. రెండో గంటలో వినండి. స్పీకర్‌కు దూరంగా, వీలైతే స్టేజీ పక్కన నిలబడి, మైకు ఎకో లేకుండా నేరుగా వచ్చే గొంతును పట్టుకోవడానికి ప్రయత్నించండి.

నేను ముందు చూసేది ఉచ్చారణ. ళ, ల తేడా, ణ, న తేడా, ఒత్తులు. తెలుగు పాటలో ఇవి పోతే ఎంత మంచి ట్యూనైనా చప్పబడుతుంది. గుంటూరు యాస, పల్నాటి యాస ఉంటే ఉండనివ్వండి, జానపదానికి అదే బలం. యాస వేరు, నోరు తిరగకపోవడం వేరు. తర్వాత శ్వాస: మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారా, అర్థం దగ్గర ఆగుతున్నారా? శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే మానిటర్ లేక కావచ్చు, క్షమించవచ్చు. ఒకే స్వరం దగ్గర ప్రతిసారీ కిందికి జారుతుంటే మాత్రం అది అలవాటు. దాన్ని మాన్పడానికి నెలలు పడుతుంది.

అనుకరణ గురించి తొందరపడి తీర్పు ఇవ్వకండి. ఆర్కెస్ట్రాలో పాడేవాళ్లకు అనుకరించడమే ఉద్యోగం. పేరున్న గాయకుడి గొంతులో పాడితేనే కూలి గిట్టుతుంది. అలాంటి వ్యక్తిని అమ్మమ్మ పాడిన పాటో, పిల్లల్ని పడుకోబెట్టే పాటో పాడమంటే ఒక్కోసారి పూర్తిగా వేరే గొంతు బయటపడుతుంది.

ఫోన్లో రికార్డు చేసుకుంటే, పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భమో అక్కడికక్కడే చెప్పి సేవ్ చేసుకోండి. మర్నాడు ఉదయం, పందిరి సందడి చెవిలోంచి పోయాక వినండి. అప్పుడు కూడా మళ్లీ వినాలనిపిస్తే ముందుకు వెళ్లండి.

5. మొదటి మాట ఎలా కలపాలి

"చాన్స్ ఇప్పిస్తా" అనే మాట మన దగ్గర పాడైపోయింది. ఫీజు కట్టించుకుని, ఫొటోలు దిగి, ఫోన్ ఎత్తని మనుషుల్ని ప్రతి గాయకుడూ ఒకరినైనా చూసి ఉంటాడు. అందుకని మొదటి సంభాషణలోనే రెండు విషయాలు తేల్చెయ్యండి: డబ్బు మీ దగ్గర తీసుకోం, మేమే ఇస్తాం. రెండోది, స్టార్‌ని చేస్తామని చెప్పడం లేదు.

స్టేజీ దిగి చెమట తుడుచుకుంటున్న మనిషిని పట్టుకుని అరగంట మాట్లాడకండి. "అన్నా, ఆ మూడో పాట చాలా బాగా పాడారు. మేం చిన్నగా పాటలు రికార్డు చేస్తుంటాం. రేపు మధ్యాహ్నం ఫోన్ చేయొచ్చా?" అంటే చాలు. పెద్దవాళ్లయితే "మాస్టారూ" అనో "అమ్మా" అనో పిలవండి, పొరపాటున కూడా "బ్రో" వద్దు. పాడింది అమ్మాయి అయితే ముందు ఆమె తల్లిదండ్రులతోనో, భర్త పక్కనే ఉంటే ఇద్దరితో కలిపో మాట్లాడండి. మీ వైపు నుంచి కూడా ఒక స్త్రీ ఉంటే మంచిది. దీన్ని పాతకాలపు పద్ధతి అనుకునేవాళ్లు ఉంటారు. రాత్రి పదింటికి తెలియని మగవాడు వచ్చి "మీ వాయిస్ బాగుంది" అంటే ఆ ఇంట్లో ఎంత టెన్షనో ఆలోచించండి.

ఫోన్లో మాట్లాడేటప్పుడు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో కనుక్కోండి. ఆటో నడిపేవాళ్లు, టైలర్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు ఉంటారు. చర్చిలో పాడేవాళ్లకు ఆదివారం కుదరదు. ఆర్కెస్ట్రా వాళ్లు పెళ్లిళ్ల సీజన్లో దొరకరు. రికార్డింగుకు పిలిచిన రోజు వాళ్ల కూలి పోతుందనుకుంటే ఆ డబ్బు మీరే ఇవ్వాలి, అడగక ముందే.

6. ట్రయల్ రికార్డింగు

స్టూడియోకు కాక, వీలైతే వాళ్లింటికి లేదా వాళ్లు ప్రాక్టీసు చేసే చోటికి వెళ్లండి. మూడు రికార్డు చేయండి. ఒకటి, వాళ్లకు కంఠతా వచ్చినది. రెండు, మీరు అక్కడికక్కడ నేర్పే కొత్త పల్లవి, నాలుగు లైన్లు చాలు. మూడు, మామూలు మాటలు: ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర విన్నారు. రెండోదానిలో నేర్చుకునే వేగం, మూడోదానిలో గొంతు సహజ రంగు తెలుస్తాయి. మాట్లాడే గొంతుకూ పాడే గొంతుకూ పొంతనే లేకపోతే ఎక్కడో బిగపట్టి పాడుతున్నారని గుర్తు.

శ్రుతి రాసుకోండి. సాధారణంగా మగవాళ్లు ఒకటి నుంచి రెండు, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య సుఖంగా పాడతారు. కీబోర్డు వాళ్లు చెప్పే సి, డి అంటే ఒకటి, రెండు. ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జి ఐదు. నాటకాల వాళ్లతో ఒకటి, రెండు లెక్కలో, చర్చి వాళ్లతో సి, డి లెక్కలో మాట్లాడండి. ఎంత పైకి అందుకుంటారన్నదాని కన్నా ఎక్కడ సుఖంగా నిలుస్తారన్నది ముఖ్యం. పై షడ్జం అరిచి చూపించడం అందరికీ సరదానే, పాట మాత్రం మధ్య స్థాయిలో నడుస్తుంది.

7. పాట ఎవరిది?

ఇక్కడ తొందరపడితే విడుదలైన నెలకే పాట యూట్యూబ్ నుంచి పోతుంది. అందుకే కొంచెం ఓపిక పట్టి చదవండి.

సినిమా పాటల కవర్లు, అంటే ఉన్న పాటనే మళ్లీ పాడి చేసే రికార్డింగులు, గొంతు చూపించుకోవడానికి పనికొస్తాయి, లేబుల్ నిలబెట్టడానికి కాదు. కాపీరైట్ చట్టంలో కవర్ వెర్షన్‌కు చట్టబద్ధమైన లైసెన్స్ ఉంది కానీ, మొదటి రికార్డింగు చేసిన సంవత్సరం ముగిశాక ఐదు సంవత్సరాలు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, కనీసం 50,000 కాపీలకు లెక్కగట్టి రాయల్టీ ముందుగా కట్టాలి. చిన్న ప్రొడ్యూసర్‌కు అది అయ్యే పని కాదు. లైసెన్స్ లేకుండా పెడితే యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను తనంతట తానే గుర్తుపట్టే వ్యవస్థ) పట్టుకుంటుంది, ఆదాయం హక్కుదారులకు పోతుంది.

పద్యాల విషయంలో చాలామందికి అపోహ ఉంది, పాతవన్నీ ఉచితమేనని. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి 1950లో కన్నుమూశారు కాబట్టి వాళ్ల పాండవ నాటక పద్యాలు 2011 నుంచి ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను అనగానే అందరూ అందుకునే జాషువా పద్యాల సంగతి వేరు. ఆయన 1971లో గుంటూరులో పోయారు, హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. స్టేజీ మీద ఎన్ని వేలసార్లు పాడి ఉన్నా, రికార్డు చేసి అమ్మాలంటే హక్కుదారుల అనుమతి కావాలి.

అన్నమయ్య కీర్తనలకు ఇంకో మెలిక. సాహిత్యం పదిహేనో శతాబ్దపుది, దానికి అడ్డు లేదు. ట్యూను మాత్రం చాలా కీర్తనలకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినదే. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ కట్టిన బాణీ అయితే, ఆయన పోయింది 1979 కాబట్టి, 2039 చివరి వరకు హక్కు ఉంటుంది. కొత్త ట్యూను కట్టించుకోవడమే తేలిక, మీ పాటకు కొత్తదనం కూడా వస్తుంది.

జానపదాల దగ్గర గొడవలు ఎక్కువ. పాడిన ముసలావిడ పేరు ఎక్కడా ఉండదు, ఫోన్లో ఎక్కించుకుని వచ్చినాయన పేరు "రచన" అని పడుతుంది. అది ఊరి పాట అయితే "సేకరణ" అని రాయండి, ఏ ఊళ్లో ఎవరి దగ్గర విన్నారో వాళ్ల అనుమతితో పేరు వేయండి, వాళ్లకు డబ్బు ఇవ్వండి. కొత్త చరణాలు చేర్చితే ఆ చరణాలు రాసినవాళ్ల పేరు విడిగా వేయండి. ఊరి పాటను కంటెంట్ ఐడీలో మీ సొంతంగా నమోదు చేయకండి. రేపు అదే పాట పాడిన పక్కూరి వాళ్ల వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది.

8. కాగితం

రికార్డింగుకు ముందే రాసుకోవాలి. పాట హిట్ అయ్యాక ఎవరూ ప్రశాంతంగా మాట్లాడుకోలేరు.

చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు మొదటి హక్కుదారు దాన్ని చొరవ, బాధ్యత తీసుకుని చేయించిన ప్రొడ్యూసరే, అంటే మీరే. మొదటి విడుదల తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. కానీ అందులోని సాహిత్యం, ట్యూను వాటిని తయారుచేసినవాళ్లవి. వాటి హక్కు మీకు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టే పాటకు ఈ రెండూ రాయడం మరిచిపోతే కాగితం ఉన్నా ఉపయోగం తక్కువ. ఇంకో సంగతి: 2012 సవరణ తర్వాత రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ వాటా పూర్తిగా వదులుకుంటున్నామని సంతకం పెట్టినా అది చెల్లదు. "సర్వహక్కులు మావే" అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. గాయకులకు కూడా ప్రదర్శకులుగా విడిగా హక్కులున్నాయి.

ఒప్పందం తెలుగులో రాయించండి. సంతకం పెట్టే మనిషి చదువుకోగలగాలి. చదవడం రాకపోతే వాళ్లు నమ్మే మనిషిని పక్కన పెట్టుకుని చదివి వినిపించండి. ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు ఆలోచించుకోమని చెప్పండి. అక్కడికక్కడే సంతకం కావాలని పట్టుబట్టే ప్రొడ్యూసర్‌ను నేనైతే నమ్మను.

డబ్బు విషయంలో నా అభిప్రాయం: గాయకుడికి రికార్డింగు రోజే కొంత మొత్తం, ఆ తర్వాత ఖర్చులు పోను మిగిలినదాంట్లో సగం. "ఖర్చులు" అంటే ఏవో ఒప్పందంలోనే పేరుపేరునా రాయండి. మీ సొంత గది అద్దె, మీ బండి పెట్రోలు అందులో కలపకండి. గాయకుణ్ణి ఐదేళ్లు మరెక్కడా పాడకూడదని కట్టేసే షరతు పెట్టకండి. ఈ ఒక్క పాటను ఇంకొకరికి రెండేళ్లు రికార్డు చేయకూడదంటే సరిపోతుంది. పెళ్లిళ్లలో, చర్చిలో, స్టేజీ మీద పాడుకోవడానికి ఎప్పుడూ అడ్డు ఉండకూడదు, అది వాళ్ల అన్నం.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లతో ఒప్పందం చెల్లదు. తల్లి లేదా తండ్రి సంతకం చేయాలి. స్కూలు, పరీక్షలు చూసుకుని తేదీలు పెట్టాలి. నమూనా ఒప్పందాన్ని ఒక్కసారి లాయరుకు చూపించి పెట్టుకుంటే తర్వాత పాటలన్నిటికీ పనికొస్తుంది.

9. రికార్డింగు

ఏప్రిల్, మే నెలల్లో వద్దు. బెజవాడ ఎండలో ఏసీ లేకుండా గదిలో ఎవరూ పాడలేరు, ఏసీ వేస్తే ఆ హోరు మైకులోకి వస్తుంది. తప్పదంటే గదిని ముందే చల్లబరిచి, టేక్‌కు ఏసీ ఆపి, మళ్లీ వేస్తూ చేసుకోవాలి. రైల్వే స్టేషన్, ట్రాక్‌ల దగ్గర ఇల్లయితే రైళ్ల టైములు రాసుకోండి. మంచంమీది పరుపుల్ని గోడలకు నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీసినా గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. గొంతు పెద్దగా వచ్చిన చోట కూడా మీటరు మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. మైకు నోటికి జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టరు (ప, బ లాంటి అక్షరాల గాలి మైకుకు తగలకుండా ఆపే తెర). స్టేజీ అలవాటున్నవాళ్లు మైకును పెదాలకు ఆనించుకుంటారు, పై స్వరానికి దూరం జరుగుతారు. తప్పుపట్టకండి, మెల్లగా చెప్పండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటే చాలామందికి శ్రుతి కుదురుతుంది.

అసలు కష్టం క్లిక్‌తో, అంటే హెడ్‌ఫోన్లో లయ కొట్టే మెట్రోనోం శబ్దంతో వస్తుంది. జానపదం పాడేవాళ్లు, భజన బృందాల వాళ్లు మెట్రోనోంకు పాడమంటే బిగుసుకుపోతారు. అప్పుడు క్రమం తిప్పండి. ముందు డప్పో డోలకో పక్కన పెట్టి ఇద్దర్నీ కలిపి, వాళ్ల వేగంలో వాళ్లను పాడనివ్వండి. ఆ రికార్డింగు మీద సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్ (పాట వేగం ఎక్కడెక్కడ ఎలా మారిందో చూపే గీత) గీసుకుని, మిగతా వాద్యాలను దాని వెంట నడిపించండి. చరణంలో కొంచెం వేగం పెరుగుతుంది, పెరగనివ్వండి. పద్యానికి క్లిక్ అసలు పెట్టకండి. అక్కడ హార్మోనియం గొంతు వెంట వెళ్తుంది కానీ గొంతు హార్మోనియం వెంట రాదు. పాత హార్మోనియాల శ్రుతి కీబోర్డు శ్రుతికి కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది. ట్యూనర్‌తో చూసుకుని మీ సింథ్‌ను దానికి సరిచేయండి.

పూర్తి పాట మూడు టేకులు తీసుకుని, తర్వాత తప్పులున్న చోట పంచ్ చేయండి, అంటే ఆ ముక్క వరకే మళ్లీ పాడించి అతికించండి. లైను లైనుగా పాడిస్తే శుభ్రంగా వస్తుంది కానీ పాటలో ప్రాణం ఉండదు. శ్రుతిని సరిచేసే పిచ్ కరెక్షన్‌ను ఆటోమేటిక్‌లో వదిలేయకండి. అది పన్నెండు స్వరాల మెట్ల మీదికి గొంతును లాగుతుంది, గమకం మొత్తం చదునైపోతుంది. అవసరమైన ఒకటి రెండు స్వరాలను చేత్తో సరిచేయండి. మాస్టరింగ్‌లో శబ్దం పెంచే పోటీకి వెళ్లక్కర్లేదు, స్పాటిఫై ఎలాగూ అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది.

10. విడుదల

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఉండాలి. పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే డిజిటల్ డిస్ట్రిబ్యూటర్లు చాలావరకు దాన్ని తామే ఇస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌ను ఎంచుకునేటప్పుడు ఏడాది ఫీజు మానేస్తే పాట తీసేస్తారా, కోడ్ మీతోనే ఉంటుందా అన్నవి అడగండి. పాట పేరు, గాయకుల పేర్లు తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు స్పెల్లింగులోనూ ఒకే రకంగా అన్ని చోట్లా ఉంచండి. ఒక స్పెల్లింగుతో రెండు, ఇంకో స్పెల్లింగుతో రెండు పాటలు పెడితే గాయకుడి పేజీ రెండుగా చీలిపోతుంది. డోలక్, హార్మోనియం వాయించినవాళ్ల పేర్లు కూడా వేయండి.

స్పాటిఫై ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు పాటను పరిశీలించమని పంపాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు ఫైలు చేరి ఉండాలి. నెల ముందే పంపేస్తే కంగారు ఉండదు. ఆదాయం గురించి గాయకుడికి నిజం చెప్పండి. స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకు పైసా రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్) ఉండాలి. మొదటి పాటకు డబ్బు వస్తుందని ఎవరూ లెక్కలు వేసుకోకూడదు.

ప్రచారానికి ఉన్న కొద్ది డబ్బును ఫోన్ ప్రకటనలకే పోయకండి. మైక్ సెట్ వాళ్లకు పెన్‌డ్రైవ్‌లో పాట ఇవ్వండి. ప్రోగ్రాం మొదలయ్యే ముందు, జనం కుర్చీలు సర్దుకునే ఆ అరగంటలో ఏదో ఒకటి మోగాలి కదా. చర్చి పాటయితే ఆ సంఘం వాట్సాప్ గ్రూపులో మొదట రానివ్వండి. విడుదల రోజు ఉదయం ఫోన్లో లింకు పంపి ఊరుకోకుండా, గాయకుడి ఇంటికి వెళ్లి, అందరినీ కూర్చోబెట్టి మంచి స్పీకర్లో వినిపించండి.

11. లెక్కలు, ఆ తర్వాత

ఆరు నెలలకోసారి లెక్క కాగితం పంపండి. రాబడి నలభై రూపాయలే అయినా పంపండి, డిస్ట్రిబ్యూటర్ రిపోర్టు కాపీ జతచేయండి. రచయితను, సంగీతం కట్టినవాళ్లను ఐపీఆర్ఎస్ అనే రాయల్టీ వసూలు సంఘంలో సభ్యులుగా చేర్పించండి. రేడియో, టీవీ, పబ్లిక్ ప్రోగ్రాముల నుంచి వాళ్లకు రావలసిన రాయల్టీ దాని ద్వారానే వస్తుంది. ఫారం నింపడానికి పక్కన కూర్చుని సాయం చేయండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

పాట కాస్త నడిస్తే హైదరాబాద్ నుంచి ఫోన్లు వస్తాయి. ముందు మీకు కాదు, గాయకుడికి. అప్పుడు అలగకండి. మీ ఒప్పందంలో ఆ ఒక్క పాట తప్ప మిగతాదంతా వాళ్లదే కాబట్టి వెళ్లనివ్వండి. అవతలివాళ్లు పంపిన కాగితం చదివి పెట్టమని మీ దగ్గరికే వస్తే, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, రాయల్టీ ఎలా అన్న లైన్ల కింద గీత గీసి ఇవ్వండి. మీ దగ్గరున్న వాళ్ల గొంతు ట్రాకులు, ఫొటోలు, పాట ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపండి.